ఆమె చాలా వోలటైల్

సబ్బుల ఫ్యాక్టరీలో ఆమెని అందరూ చిటికె అనేవాళ్ళు. చిటికేసేలోగా మనసు మార్చుకుంటుందని వాళ్ళ నాన్న చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు అది. ఇంట్లో ఉండాల్సిన పేరు ఏ దారిన వచ్చిందో గాని ఫ్యాక్టరీ దాకా వచ్చేసింది. ముప్పై దాటి నాలుగేళ్ళయినా ఆ పేరు మార్చాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు.

ఆమె పని సబ్బులకి వాసన కూర్చడం. ఫ్యాక్టరీ వెనకవైపు, సబ్బులు ఆరబెట్టే చెక్క అరలు దాటాక ఆమె గది. గోడ పొడుగునా గోధుమరంగు సీసాలు, బల్ల మీద ఒక చిన్న తూకం, గాజు డ్రాపర్లు, వాసన చూడ్డానికి సన్నగా కత్తిరించిన కాగితపు పట్టీలు. ఆ పని నేర్పిన మాస్టారు రిటైరై వెళ్తూ తన కుర్చీ ఆమెకిచ్చి, "జలుబు చెయ్యకుండా చూసుకో, మిగతాదంతా నీ ముక్కే చూసుకుంటుంది" అన్నాడు. ఆయన అన్నట్టే ఆ ముక్కు బాగానే చూసుకుంటోంది. నూనె చుక్క గాల్లో పడగానే అది ఏ కాయ తొక్కలోంచి వచ్చిందో, ఆ కాయ పండాక కోశారో ముందే కోశారో చెప్పేస్తుంది. ఆ తర్వాత ఆ నూనెతో ఏం చెయ్యాలన్న దగ్గరే గొడవంతా.

ఆ ఏడాది ఫ్యాక్టరీకి కొత్త మేనేజరు వచ్చాడు. నలభై దగ్గర పడ్డ మనిషి, సన్నగా, నిటారుగా ఉంటాడు. బల్ల మీద పెన్సిళ్ళు పొడుగు ప్రకారం పేర్చుకుంటాడు. వచ్చిన వారంలోనే సబ్బులు కోసేవాళ్ళు ఆయనకి కొలబద్ద అని పేరు పెట్టేశారు. చెడ్డవాడేం కాదు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తనే ఆటో పిలిచి ఎక్కిస్తాడు. కాకపోతే ఇవాళ ఒకటి అనుకుంటే రేపు కూడా అదే అనుకోవాలి ఆయన లెక్కలో.

అలాంటాయనకీ చిటికెకీ మధ్య ఒక కొత్త సబ్బు వచ్చి పడింది. ఫ్యాక్టరీ యజమానురాలు, అందరూ పెద్దమ్మగారు అనే ఆవిడ, ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న ఒకే ఒక్క సబ్బుతో విసుగెత్తిపోయి, కొత్తది ఒకటి కావాలన్నారు. చిటికె నిమ్మతో మొదలుపెట్టింది. కొలబద్ద సంతోషించి పసుపురంగు పెట్టెలకి చెప్పేశాడు. రెండురోజులకి చిటికె నిమ్మ మరీ పిల్లచేష్టలా ఉందని పుదీనాకి మారింది. ఆయన పెట్టెలు ఆకుపచ్చకి మార్పించాడు. ఈలోగా ఆమె దాల్చినచెక్క నూనె మూత తీసింది. ఇక ఆ వాసన తప్ప ఆమెకి ఇంకేం పట్టలేదు. పెట్టెలు అచ్చేసేవాడు ఫోనెత్తడం మానేశాడు.

"ఒక్కటి తేల్చండి," అన్నాడు కొలబద్ద గుమ్మంలో నిలబడి.

"తేలిపోయింది సార్. దాల్చినచెక్కే."

"ఖాయమేనా?"

"ఖాయం," అంది. మర్నాడు పొద్దున్న వచ్చేటప్పుడు వర్షం పడింది. తడిసిన ఇటుకల వాసన పీల్చుకుంటూ వచ్చి, దాల్చినచెక్క సీసా తీసి పక్కన పెట్టేసింది.

ఆ రోజు మధ్యాహ్నం పెద్దమ్మగారు ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చారు. చిటికె అరల వెనక నేల మీద కూర్చుని, ఆరిన సబ్బు ముక్కలు ఏరుకుంటోంది. అవతల అడుగుల చప్పుడు ఆగింది. పెద్దమ్మగారు "మన చిటికె ఎలా చేస్తోంది?" అని అడగడం వినపడింది. కొలబద్ద ఏదో చెప్పాడు. సబ్బు కోసే యంత్రం మోతలో ముందు మాటలు కొట్టుకుపోయాయి. యంత్రం ఆగాక ఆఖరి ముక్క మాత్రం స్పష్టంగా, ఇంగ్లీషులో వినపడింది. "షీ ఈజ్ వెరీ వోలటైల్."

చిటికె చేతిలోంచి సబ్బు ముక్క జారిపోయింది.

వోలటైల్ అన్న మాట ఆమెకి కొత్త కాదు. మాస్టారి నోట రోజూ విన్నదే. మూత తియ్యగానే లేచి, అందరికన్నా ముందు ముక్కు దగ్గరికి వచ్చే నూనెలు వోలటైల్. నిమ్మ, నారింజ, పుదీనా, అన్నీ ఆ జాతే. అవి లేకపోతే సబ్బు చచ్చిన సబ్బు అనేవాడు మాస్టారు. ఎంత ఖరీదైన దేవదారు నూనె పోసినా, ముందు వీటిలో ఒకటి ఎగిరి వెళ్ళి మనిషిని పిలుచుకు రావాలి. అలాంటి మాటని, నోట్లోంచి మెచ్చుకోలు రావడమే గగనమైన కొలబద్ద, తన గురించి, అదీ పెద్దమ్మగారి ముందు అన్నాడు.

సాయంత్రం ఆమె ఇంటికి నడవలేదు, దాదాపు ఎగిరింది.

ఇంటి కింది భాగంలో అమ్మ బట్టలు సరిచేసే దుకాణం. పొడుగైన ప్యాంట్లు కురచ చేయడం, బిగుతైన జాకెట్లు వదులు చేయడం. మేడమీద తమ్ముడు ఇంగ్లీషు సినిమాలకి తెలుగు మాటలు రాస్తుంటాడు, తెర అడుగున కనిపించే అక్షరాలు ఆయనగారివే. చిటికె వచ్చేసరికి వాడు కిందికి దిగి, కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"అమ్మా, ఇవాళ మా మేనేజరు నన్ను ఏమన్నాడో తెలుసా? పెద్దమ్మగారితో. షీ ఈజ్ వెరీ వోలటైల్ అన్నాడు."

తమ్ముడికి టీ అడ్డం పడింది. దగ్గు ఆగేసరికి వాడి కళ్ళు ఎర్రబడ్డాయి.

"నెమ్మదిరా, ఎవరూ లాక్కోరు," అంది అమ్మ వాడి వీపు నిమురుతూ. తర్వాత కూతురి వైపు తిరిగింది. "అంటే మంచి మాటేగా?"

"మంచేమిటమ్మా, మా పనిలో అంతకన్నా పెద్ద మాట లేదు."

అమ్మ కత్తెర పక్కన పెట్టి కూతురి బుగ్గలు పుణికింది. తమ్ముడు నోరు తెరిచాడు. అక్క మొహం చూసి మళ్ళీ మూసుకున్నాడు.

చిటికె స్నానానికి మేడెక్కిందో లేదో, అమ్మ దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ మాట చెప్పడం మొదలుపెట్టింది. కోటు చేతులు సరిచేయించుకోడానికి వచ్చిన బ్యాంకు ఉద్యోగి వంతు వచ్చింది. ఆయన చెయ్యి చాపి కొలత ఇస్తూనే మొహం అదోలా పెట్టాడు.

"వోలటైలా? మా దగ్గర మార్కెట్ వోలటైల్‌గా ఉందంటే జనం గుండెలు పట్టుకుంటారండీ. పొద్దున్న పైకి, మధ్యాహ్నం కిందికి. నమ్మడానికి లేదని."

ఆయన వెళ్ళగానే అమ్మ మిషను ఆపింది. "ఒరేయ్, ఇలా రా. నీకు తెలుసు కదూ? ఆ మాటకి అర్థం ఏంటో సరిగ్గా చెప్పు."

తమ్ముడు తప్పించుకోడానికి చూశాడు గాని అమ్మ చేతిలో టేపు ఉంది, గుమ్మానికి అడ్డంగా అమ్మే ఉంది.

"అసలు ఆ మాటకి అర్థం ఎగిరేది అనమ్మా. ఒకప్పుడు ఇంగ్లీషులో పిట్టల్ని కూడా ఆ మాటతో పిలిచేవాళ్ళు. తర్వాత తొందరగా ఆవిరైపోయే ద్రవాలకి వాడారు, అక్కకి తెలిసింది అదీ. ఇందాక ఆయన చెప్పినట్టు ధరలకి కూడా వాడతారు."

"మనుషులకి?"

తమ్ముడు తల గోక్కున్నాడు. "మనిషిని అంటే మెచ్చుకోలు కాదమ్మా. నిలకడ లేదనీ, ఎప్పుడు ఏ మూడ్‌లో ఉంటారో తెలీదనీ. మొన్న ఒక సినిమాలో పోలీసు ఇంకొకణ్ణి ఆ మాట అంటే, నేను ముక్కు మీద కోపం ఉన్నవాడు అని రాశాను."

అమ్మ టేపు మెడలో వేసుకుంది. "ముక్కుతో పనిచేసేదానికి కోపం ఇంకెక్కడుంటుందిరా?"

తమ్ముడు నవ్వు ఆపుకోలేకపోయాడు. అమ్మా నవ్వింది. కానీ నవ్వయ్యాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చెప్పాలంటావా?" అన్నాడు.

"ఇవాళ వద్దు. ఎంత మురిసిపోతోందో చూశావుగా. ఇవాళ్టికి ఉండనీ."

ఆ ఉండనివ్వడమే కొంప ముంచింది. మర్నాడు చిటికె తనకున్న వాటిల్లో మంచి చీర కట్టుకుని, ఫ్యాక్టరీకి పెందలాడే వెళ్ళి, తిన్నగా కొలబద్ద గదిలోకి నడిచింది. ఆయన అప్పుడే పెన్సిళ్ళు సర్దుకుంటున్నాడు.

"సార్, నిన్న మీరు పెద్దమ్మగారితో నా గురించి అన్నమాట విన్నాను. దొంగచాటుగా కాదు, అరల వెనక ఉన్నాను. మీకు థాంక్స్ చెబుదామని."

"ఏ మాట?"

"వోలటైల్ అన్నారుగా."

ఆయన చేతిలో పెన్సిలు అలాగే ఆగిపోయింది. చిటికె వెంట తెచ్చిన రెండు కాగితపు పట్టీలు బల్ల మీద పెట్టింది. ఒకదాని మీద నారింజ నూనె, ఒకదాని మీద దేవదారు.

"వాసన చూడండి. కూర్చున్న చోటి నుంచే. ముందు ఏది వచ్చింది? నారింజ. మా మాస్టారు చెప్పేవారు, వోలటైల్ నూనె పిలవందే మనిషి సబ్బు దగ్గరికి రాడని. మీరు ఆ మాట వాడేసరికి, ఈయనకి మా పని ఇంతబాగా తెలుసా అనుకున్నాను."

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. ఇంకొకడైతే చిన్నగా నవ్వి, "మీరు దానికి తగినవారే" అని పంపించేసేవాడు. ఆయన అలా చెయ్యలేకపోయాడు. తనది కాని గొడుగు కూడా చేత్తో పట్టుకోని రకం.

"కూర్చోండి," అన్నాడు. "నేను ఆ అర్థంలో అనలేదు."

"మరి?"

"ప్రతిభ ఉంది, కానీ ఆమె చాలా వోలటైల్ అన్నాను. అంటే... మనసు ఒకచోట నిలవదని. మీ థాంక్స్ తీసుకుని కూర్చోవడం నాకు బాగోలేదు."

చిటికె మొహంలో రంగు దిగిపోయింది. తర్వాత ఆ రంగు రెట్టింపై తిరిగొచ్చింది.

"నిలకడ లేదా నాకు? పన్నెండేళ్ళుగా ఒకే గదిలో, ఒకే కుర్చీలో కూర్చున్నదాన్ని. ఒక్కసారి ఆ సీసాల మధ్య కూర్చుని చూడండి మీరు. ఒకటి బాగుందనుకునేలోగా దాని పక్కన ఉన్నది పిలుస్తుంది. పలక్కుండా ఎలా ఉంటాను? పెట్టెల రంగు కోసం నా ముక్కు మూసుకోమంటారా?"

జవాబు కోసం ఆగలేదు. తలుపు అదిరేలా వేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ సబ్బు నీళ్ళు పోయే కుళాయి గట్టు మీద కూర్చుంది. చీర తడుస్తోందని తెలిసినా లేవలేదు. ముందు ఉద్యోగం మానేద్దామనుకుంది. తర్వాత మాస్టారికి ఫోన్ చేసి ఏడుద్దామనుకుంది. ఫోను చేతిలోకి తీసుకున్నాక, ఏడవడం ఎందుకులే, వెళ్ళి ఆయన బల్ల మీద పెన్సిళ్ళన్నీ కలిపేసి వస్తే చాలనుకుంది. అప్పటికి గాని తను ఇంతసేపూ చేస్తున్నదేమిటో ఆమెకి తట్టలేదు. తట్టగానే ఒక్కతే పడీ పడీ నవ్వింది. సబ్బులు మోసుకెళ్తున్న ఇద్దరు ఆగి చూసి, చిటికేగా అనుకుని వెళ్ళిపోయారు.

ఆమె తిరిగి వెళ్ళేసరికి కొలబద్ద తలుపు గడియ సరిగ్గా పడుతోందో లేదో చూస్తున్నాడు.

"ఒప్పుకున్నాను సార్," అంది ఇంకా నవ్వుతూనే. "మీ మాటే రైటు. ఇందాక అంత కోపం వచ్చిందా, ఇప్పుడు వెతికినా కనపడ్డం లేదు."

ఆయనకీ నవ్వొచ్చింది. నవ్వితే పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు. కాసేపు గడియతో ఆడి, తర్వాత నెమ్మదిగా అన్నాడు: "మీకు ఇంకొకటి కూడా చెప్పాలి. మీరు వద్దని పారేసే సబ్బు ముక్కలున్నాయి చూడండి. అవి నేను ఇంటికి తీసుకెళ్తున్నాను. పెద్దమ్మగారిని అడిగే."

"ఎందుకు?"

"మా నాన్నగారి కోసం."

వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. ఉద్యోగం నుంచి దిగాక మోకాలికి ఆపరేషనైంది. నడవొచ్చని డాక్టరు చెప్పినా నడవడు. కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు మీద బస్సులకి వంకలు పెట్టడం ఒక్కటే పని. స్నానం చెయ్యమంటే యుద్ధమే. ఒకరోజు కొలబద్ద జేబులో మర్చిపోయిన పుదీనా ముక్కని ఆ ముసలాయన వాసన చూసి, "ఇదేంటి, పొద్దున్నే కడిగిన బస్సులా ఉంది" అన్నాడు. ఆ పూట గొడవ చెయ్యకుండా స్నానం చేశాడు. మర్నాడు దాల్చినచెక్క ముక్క వెళ్ళింది. ఆ తర్వాత కొడుకు ఇంట్లో అడుగు పెట్టడమే ఆలస్యం, ఇవాళేం తెచ్చావని అడగడం. నిన్నటి ముక్క మళ్ళీ ఇస్తే తీసుకోడట.

చిటికె కళ్ళు పెద్దవయ్యాయి. "నాకు ఆయన్ని చూడాలనుంది. ఇవాళే."

ఆ సాయంత్రం చేతిసంచిలో తడి ఇటుకల వాసన వేసిన ముక్కతో కొలబద్ద ఇంటికి వెళ్ళింది. ఇల్లు అద్దంలా ఉంది, కిటికీ దగ్గర కుర్చీ చుట్టూ తప్ప. అక్కడ మటుకు వార్తాపత్రికలు, కళ్ళజోళ్ళు, సగం తిన్న బిస్కెట్లు. ముసలాయన ఆమెని ఎగాదిగా చూశాడు.

"నువ్వేనా మావాణ్ణి ఏడిపిస్తున్న అమ్మాయివి?"

"నేనేనండి."

"మంచి పని. వాడికి చిన్నప్పట్నుంచీ ఒక్కటే రూటు. ఏదీ, ఇటివ్వు."

సబ్బు ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"వాన వెలిశాక డిపో," అన్నాడు. "గోడలు తడిసి ఉంటాయి. టీ ఇంకా రాలేదు. అందరూ షెడ్డు కింద నిలబడి ఉన్నారు." కళ్ళు తెరిచాడు. "రేపేం తెస్తావు?"

"ఇంకా తెలీదండి."

"తెలీకుండానే ఉండనీ. తెలిస్తే రేపటి కోసం ఎదురుచూడ్డానికి ఇంకేముంది," అని, కర్ర అందుకుని, ఎవరి సాయం లేకుండా లేచి స్నానాల గదిలోకి వెళ్ళాడు. లోపల నీళ్ళ చప్పుడుతో పాటు పాట కూడా మొదలైంది.

బయట ఇద్దరూ ఆ పాట వింటూ నిలబడ్డారు. ముందు కొలబద్దే గొంతు సవరించుకున్నాడు. "ఒక్కటే తేల్చమని నేను మిమ్మల్ని అడగడం..."

"నేనూ ఇప్పుడు అదే అనుకుంటున్నాను," అంది చిటికె.

వారం తిరక్కుండా ఇద్దరూ కలిసి పెద్దమ్మగారి ముందు కూర్చున్నారు. ఒక్కో పెట్టెలో ఏడు చిన్న సబ్బులు. అన్నీ ఒకే తెలుపు, ఒకే కాగితం, ఒక్కోటి ఒక్కో వాసన. ఏది ఏదో పైకి తెలీదు. రోజుకొకటి విప్పుకోవాలి. పెద్దమ్మగారు ఒకటి విప్పి, వాసన చూసి, రెండోదాని మీద చెయ్యి వెయ్యబోయి ఆగారు. "ఇది రేపటికా?" అన్నారు కాస్త నిరాశగా. ఆ నిరాశ చూడగానే చిటికెకి తమ పని ఫలించిందని అర్థమైంది.

"ఆ రోజు నువ్వు ఈ అమ్మాయి వోలటైల్ అన్నావు కదయ్యా," అన్నారు పెద్దమ్మగారు కొలబద్దతో.

"ఆ మాట సరైందేనండి. దాని ముందు 'కానీ' అన్నాను చూడండి, అది తీసేస్తున్నాను."

పెట్టెలన్నీ ఒకటే రంగని తెలిశాక అచ్చేసేవాడు ఫోనెత్తాడు. పెట్టె మీద తెలుగు మాటలు రాసే పని తమ్ముడికి పడింది. అక్క ఆ ఇంగ్లీషు మాటే తెలుగులో పెట్టమని పట్టుబట్టింది. వాడు చంచలం అన్నాడు. సబ్బు మనల్ని వదిలేసి వెళ్ళిపోయేట్టుంది, వద్దంది అక్క. చపలం అన్నాడు. అది మరీ తిట్టులా ఉందని అమ్మ కొట్టేసింది. ఆవిరయ్యేది అంటే కొన్నవాళ్ళు సబ్బు కరిగిపోతుందేమోనని భయపడతారు. మూడు రోజులు కొట్టుకున్నాక తమ్ముడు చేతులెత్తేసి, మాట వదిలేసి, "రేపటిది రేపే" అని రాసుకొచ్చాడు. అమ్మకి నచ్చింది. అక్కకీ నచ్చింది, సాయంత్రం దాకా. సాయంత్రం ఇంకేదో అనబోతుంటే తమ్ముడు ఆ కాగితం పట్టుకుని అచ్చు దుకాణానికి పరుగెత్తాడు.

మొదట వేసిన పెట్టెలు ఎంత తొందరగా అయిపోయాయంటే, సబ్బులు కోసేవాళ్ళు తమ ఇళ్ళకి దాచుకున్నవి కూడా తిరిగి ఇవ్వాల్సొచ్చింది. ఇస్తూ ఇస్తూ ఒక్కొక్కరూ ఆఖరిసారి వాసన చూసుకున్నారు. బ్యాంకు ఉద్యోగి రెండు పెట్టెలు కొని, ఒకే రోజున మూడు సబ్బులు విప్పేశానని అమ్మ దగ్గర సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

రెండో విడత వాసనలు కూర్చడానికి పెద్దమ్మగారు డ్రైవరుగారిని పిలిపించారు. వారానికి రెండు పూటలు వచ్చి వాసన చూసి చెప్పాలి. మొదటిరోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, బస్సులో వచ్చాడు. కొడుకు ఆటో పిలుస్తానంటే కసిరాడట. చిటికె తన కుర్చీ ఆయనకి ఇచ్చి, తను స్టూలు లాక్కుంది. కొలబద్ద గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు, అక్కడ తనకి పనేమీ లేకపోయినా.

"ఇది చూడండి," అని చిటికె ఒక పట్టీ అందించింది.

డ్రైవరుగారు పీల్చాడు. "పెళ్ళికి వెళ్తున్న బస్సు. వెనక సీట్లో ఆడపిల్లలు."

"కాదండి, ఇది పుస్తకాల షాపు. పొద్దున్నే షట్టరు తీసినప్పటిది."

"నీ మొహం. పుస్తకాల షాపులో నవ్వులుంటాయా? మళ్ళీ చూడు."

ఆమె పట్టీ తీసుకుని కళ్ళు మూసుకుంది. ఒకసారి పీల్చింది, ఇంకోసారి పీల్చింది. పెదవులు అప్పుడే విచ్చుకుంటున్నాయి.

"అవునండోయ్," అంది. "బస్సే."